100కి 73 వేసిన సంస్థ: పద్దెనిమిది నెలల హౌస్‌కీపింగ్ సేవపై సమీక్ష

మా కార్యాలయ భవనాన్ని పద్దెనిమిది నెలల పాటు శుభ్రంగా ఉంచే బాధ్యత తీసుకున్న ఒక హౌస్‌కీపింగ్ సంస్థ సేవల గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. సంస్థ పేరు చెప్పడం లేదు. జరిగిన తప్పుల్లో సగం వాళ్లవైతే మిగిలిన సగం ఆ రేటుకు పని అప్పగించిన మావి కాబట్టి, పేరు చెప్పి వాళ్ల ఒక్కరినే నిలబెట్టడం న్యాయం కాదనిపించింది. కొటేషన్ల కవర్లు విప్పి పట్టిక వేసింది, ఆ పట్టిక కింద సంతకం పెట్టింది, తర్వాత ప్రతి నెలా బిల్లులూ ఫిర్యాదులూ చూసింది నేనే. అందువల్ల ఇందులో రాసేవన్నీ నేను కళ్లారా చూసినవి.

ముందు పని ఎంతో చెప్పాలి. ఆరు అంతస్తుల భవనం, 38 టాయిలెట్లు, అంతస్తుకొక ప్యాంట్రీ, కింద పాలరాయి పరిచిన లాబీ, రోజూ ఏడెనిమిది వందల మంది వచ్చిపోయే చోటు. రెండు షిఫ్టులకూ కలిపి 14 మంది ఉంటే తప్ప ఈ పని సాగదని పదేళ్ల అనుభవం మాకు చెబుతూనే ఉంది. అంతకుముందు ఈ పని చేసిన సంస్థ కాంట్రాక్టు ముగిసినప్పుడు ఐదు సంస్థలు కొటేషన్లు ఇచ్చాయి. రెండో తక్కువ రేటును 100 అనుకుంటే, దాని పైన ఉన్న మూడూ 103, 105, 106 దగ్గర ఉన్నాయి. అంటే నలుగురి లెక్కల మధ్య తేడా ఆరుకు మించలేదు. ఐదో సంస్థ 76 వేసింది. కాంట్రాక్టర్ల మాటల్లో చెప్పాలంటే 24 శాతం లెస్. అంతటితో ఆగకుండా, అలవాటు ప్రకారం మేము వాళ్లను పిలిచి కూర్చోబెట్టి ఇంకొంచెం తగ్గించమన్నాం. 73కి దిగారు. ఆ రోజు సాయంత్రం మా ఆర్థిక విభాగం పెద్దలు నన్ను మెచ్చుకున్నారు, నేనూ సంతోషంగానే ఇంటికి వెళ్లాను.

ఆ రోజు వేయాల్సిన లెక్క ఒకటి ఉంది. దానికి పట్టేది ఐదు నిమిషాలే, మేము మాత్రం వేయలేదు. హౌస్‌కీపింగ్ అంటే ప్రధానంగా మనుషుల శ్రమ. 100 రేటు వేసిన సంస్థ ఇచ్చిన వివరాల్లో జీతాలు, చట్టప్రకారం కట్టాల్సినవి కలిపి 78 ఉన్నాయి. కెమికల్స్, మాపులు, డస్టర్లు, చెత్త సంచుల వంటి మెటీరియల్‌కు 9, సూపర్‌వైజరుకూ యంత్రాలకూ కలిపి 7, సంస్థకు మిగిలేది 6. ఇప్పుడు 73 వేసిన సంస్థ వైపు చూడండి. మెటీరియల్ ఎవరో ఉచితంగా ఇచ్చినా, సూపర్‌వైజరు జీతం లేకుండా పనిచేసినా, యజమాని రూపాయి లాభం ఆశించకపోయినా, 14 మందికి చట్టం చెప్పిన జీతం ఇవ్వడానికే ఇంకా 5 తక్కువ పడుతుంది. కాబట్టి ఆ ధరకు ఉన్న దారులు రెండే. మనుషులు తగ్గాలి, లేదా వాళ్లకు అందాల్సింది తగ్గాలి. ఈ సంగతి కొటేషన్ కాగితం మీదే ఉంది. చదవగలిగిన స్థానంలో ఉండి కూడా నేను చదవలేదు.

సేవ నాణ్యత గురించి చెప్పాల్సి వస్తే మొదటి మూడు నెలలకూ, ఆ తర్వాతి పదిహేను నెలలకూ వేర్వేరుగా చెప్పాలి. మొదటి మూడు నెలల పనికి నిండు మార్కులు వేస్తాను. 14 మందీ వచ్చేవారు. యూనిఫాం, గుర్తింపు కార్డు, టాయిలెట్ల తలుపు వెనక గంటగంటకూ సంతకం చేసే పట్టిక అన్నీ పద్ధతిగా ఉండేవి. టాయిలెట్లకు ఎర్ర గుడ్డ, ప్యాంట్రీకి ఆకుపచ్చ గుడ్డ, బల్లలకు నీలం గుడ్డ అని వేరు చేసి, ఒకచోటి మురికి ఇంకోచోటికి వెళ్లకుండా చూసే రంగుల పద్ధతిని ఈ సంస్థే మా భవనంలో మొదటిసారి పెట్టింది. పాత సంస్థ ఎన్నడూ ముట్టుకోని ఏసీ గ్రిల్స్ మీది దుమ్మును కూడా నిచ్చెన వేసుకుని దులిపారు. పని తెలిసినవాళ్లు కాదని ఈ సంస్థను ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

నాలుగో నెలలో మార్పు మొదలైంది. మొదట తెలిసింది వాసనతో. ఉదయం లిఫ్టు దిగగానే తగిలే ఫ్లోర్ క్లీనర్ వాసన పలచబడుతూ వచ్చి, కొన్నాళ్లకు నేల తడిగా కనిపిస్తున్నా ఏ వాసనా రాని స్థితికి చేరింది. స్టోర్ గదిలోకి వెళ్లి చూస్తే, కలిపి పెట్టిన సీసాల్లోని నీలం రంగు దాదాపు నీళ్ల రంగులోకి మారి ఉంది. నెలకు రావాల్సిన మెటీరియల్ నెలన్నరకు వస్తోందనీ, ఉన్నదాన్నే సర్దుకోమన్నారనీ అక్కడి అమ్మాయి భయపడుతూనే చెప్పింది. తర్వాత గుడ్డలు. ఎర్ర గుడ్డలు చిరిగిపోయాయి, కొత్తవి రాలేదు. ఒకరోజు మధ్యాహ్నం నాలుగో అంతస్తు ప్యాంట్రీలో ఆకుపచ్చ గుడ్డతో గట్టు తుడిచిన మనిషే అదే గుడ్డను భుజాన వేసుకుని టాయిలెట్‌లోకి వెళ్లడం చూశాను. ఆపి అడిగితే ఆమె ఏమీ అనకుండా రెండు చేతులూ చూపించింది. గ్లౌజులు లేక, కెమికల్ నేరుగా తగిలి, వేళ్ల సందుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. గుడ్డ సంగతి అడగడానికి వెళ్లిన నేను గ్లౌజుల పెట్టె ఒకటి మా స్టోరు నుంచే తెప్పించి ఇచ్చి వెనక్కి వచ్చాను. ఆ చేతులు చూసిన తర్వాత ఈ కాంట్రాక్టును నేను ఎన్నడూ మునుపటిలా చూడలేకపోయాను.

మనుషుల సంఖ్య కూడా తగ్గింది, కానీ అటెండెన్స్ రిజిస్టరులో 14 సంతకాలూ కనిపించేవి. గేటు దగ్గరి నమోదు తెప్పించి రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే లోపలికి వచ్చినవారు రోజుకు సగటున 11 మంది. లెక్క వేస్తే కారణం తెలుస్తుంది. 11 మందితో నడిపితే జీతాల ఖర్చు 61 దాకా వస్తుంది, 73లో ఇంకా 12 మిగులుతుంది. మెటీరియల్, సూపర్‌వైజరు, యంత్రాలకు 16 కావాల్సిన చోట ఆ 12తో సర్దాలి. అందుకే మనుషులూ తగ్గారు, మందులూ పలచబడ్డాయి. యజమాని జేబులోకి అందులోంచి ఏమీ వెళ్లలేదని నేను నమ్ముతున్నాను, ఎందుకంటే వెళ్లడానికి అక్కడ ఏమీ లేదు. రాని ముగ్గురి జీతం కోత కోసి బిల్లు పాస్ చేయడం మొదలుపెట్టాక పరిస్థితి ఇంకా దిగజారింది. కోత పడిన నెల జీతాలు ఆలస్యమయ్యాయి, జీతం ఆలస్యమైన వారం ఇంకో ఇద్దరు మానేశారు. నిబంధన ప్రకారం నేను చేసింది సరైనదే. కానీ ఆ కోత చివరికి ఎవరి మీద పడిందో కూడా చూశాను.

ఇక అదనపు బిల్లులు. తక్కువ రేటుకు పని పట్టినవారు అదనపు పనుల దగ్గర కోలుకోవాలని చూస్తారన్నది ఈ రంగంలో అందరికీ తెలిసిన విషయమే. ఐదో నెల నుంచి ఉత్తరాలు మొదలయ్యాయి. బయటివైపు అద్దాలు ఒప్పందంలో లేవు, రంగులు వేసిన తర్వాత నేల గీకడం లేదు, సెలవు రోజు సమావేశాలకు మనుషులను పంపడం లేదు, తివాచీల షాంపూ వాష్ లేదు. వీటిలో సగం డిమాండ్లు న్యాయమైనవేనని ఒప్పుకుంటాను. మేము ఇచ్చిన పని వివరాల్లో 'అన్ని అద్దాలూ' అని రాసి లోపలా బయటా అన్నది చెప్పకపోవడం మా లోపం. మిగిలిన సగం మాత్రం సాగదీసినవి. మొత్తం మీద పద్దెనిమిది నెలల అదనపు బిల్లులను సగటు వేస్తే నెలకు 18 అయింది. 73 కాస్తా 91 అయింది.

లాబీ సంగతి విడిగా చెప్పాలి. తొమ్మిదో నెలలో నేలకు వాడే క్లీనర్ అయిపోయి, కొత్త స్టాకు రాక, ఒక రాత్రి షిఫ్టులో టాయిలెట్ గిన్నెలకు వాడే ఆసిడ్ క్లీనర్‌ను నీళ్లలో కలిపి పాలరాతి మీద తుడిచేశారు. పాలరాయి ప్రధానంగా కాల్షియం కార్బనేట్. ఆసిడ్ తగిలితే పైపొర కరిగి మెరుపు పోతుంది, ఆ మచ్చ తుడిస్తే పోయేది కాదు, రాయిని మళ్లీ అరగదీసి పాలిష్ పట్టాల్సిందే. ఉదయం తలుపు తీసేసరికి ప్రవేశద్వారం నుంచి లిఫ్టు దాకా మాపు తిరిగిన దారి వంకర వంకరగా తెల్లగా తేలి ఉంది. తుడిచిన కుర్రాడికి ఏది ఆసిడో, ఏది కాదో చెప్పినవారు లేరు. శిక్షణకు పెట్టే రోజు కూడా ఖర్చే కాబట్టి ఆ రోజును ఎవరూ పెట్టలేదు. రాయి బాగు చేయించిన ఖర్చులో కొంత సంస్థ డిపాజిట్ నుంచి తీసుకున్నాం, మిగిలింది మేమే భరించాం. మేము భరించిన భాగాన్ని పద్దెనిమిది నెలలకు పంచితే నెలకు ఇంకో 5 పడుతుంది. అంటే కాగితం మీద 27 మిగిలించిన కాంట్రాక్టు చివరికి మిగిల్చింది 4. ఫిర్యాదులు వినడానికీ, రిజిస్టర్లు సరిచూడటానికీ మా సిబ్బంది వెచ్చించిన గంటలను ఇందులో కలపలేదు.

ఇదే సంస్థ గురించి ఇంకో రాత్రి సంగతి రాయకపోతే సమీక్ష తప్పుదారి పడుతుంది. పదకొండో నెలలో అర్ధరాత్రి దాటాక మూడో అంతస్తులో నీళ్ల పైపు పగిలింది. సెక్యూరిటీ ఫోన్ చేసిన నలభై నిమిషాల్లో ఆ సంస్థ యజమాని స్వయంగా నలుగురిని వెంటబెట్టుకుని వచ్చి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, వైపరు పట్టుకుని తెల్లారేదాకా వాళ్లతో సమానంగా నీళ్లు తోశారు. సర్వర్ గదికి నీరు చేరలేదు. ఆ పనికి ఆయన విడిగా బిల్లు వేయలేదు. పిలిస్తే పలికే విషయంలో ఈ సంస్థకు నేను పనిచేయించుకున్న సంస్థలన్నిటికంటే ఎక్కువ మార్కులు ఇస్తాను.

ఆ ఉదయం టీ తాగుతూ ఆయనను సూటిగానే అడిగాను, "మీకు గిట్టదని తెలిసి కూడా ఆ రేటు ఎందుకు వేశారండీ" అని. ఆయన దాచకుండా చెప్పారు. "మా దగ్గర అన్నీ చిన్న చిన్న పనులే సార్. మీలాంటి భవనం పేరు లిస్టులో ఉంటే రేపు పెద్ద టెండరుకు అర్హత వస్తుంది. అప్పుడే ఒక కాంట్రాక్టు అయిపోయి పదిమంది ఖాళీగా కూర్చుని ఉన్నారు, వాళ్లను పంపించలేను. ఒక ఏడాది ఎలాగో లాగితే రెన్యువల్‌లో మీరు రేటు పెంచుతారనుకున్నాను." ఇంకో మాట కూడా అన్నారు. ఆయన మనిషి నేల వైశాల్యం చూసి లెక్క కట్టాడు గానీ భవనం లోపలికి వచ్చి చూడలేదు, 38 టాయిలెట్లకు పట్టే సమయం ఆ లెక్కలో పడలేదు.

ఆయన చెప్పిన కారణాలను ఒక్కొక్కటిగా తూకం వేయడం అవసరం, ఎందుకంటే తక్కువ రేటు వేసి పని దక్కించుకోవాలని చూసే చిన్న సంస్థలన్నీ ఇంచుమించు ఈ కారణాలే చెబుతాయి. ఖాళీగా ఉన్న మనుషులకు పని చూపించడం కోసం కొన్నాళ్లు లాభం లేకుండా పనిచేయడం తప్పు కాదు. వాళ్లకు ఎలాగూ జీతం ఇవ్వాలి, వచ్చినంత వస్తుంది. కానీ ఆ వాదన మూడు నెలల పనికి సరిపోతుంది, పద్దెనిమిది నెలల ఒప్పందానికి సరిపోదు. పేరు కోసం నష్టానికి పనిచేయడం కూడా ఒక పెట్టుబడే. అయితే పెట్టుబడి పెట్టేవాడి దగ్గర ఆ డబ్బు ముందే ఉండాలి. ఇక్కడ ఆ డబ్బు యజమాని దగ్గర లేదు, పనివాళ్ల జీతంలోంచీ గ్లౌజుల్లోంచీ వచ్చింది. రెన్యువల్‌లో పెంచుకుంటామన్న ఆశ అన్నిటికంటే బలహీనమైనది. ధర ఒక్కటే చూసి పని ఇచ్చినవాడు రెన్యువల్ నాడు కూడా ధరే చూస్తాడు.

లెక్క తప్పిన విషయం మాత్రం ఆయన ఒక్కడి అజాగ్రత్త కాదు. 1971లో కేపెన్, క్లాప్, క్యాంప్‌బెల్ అనే ముగ్గురు ఇంజనీర్లు చమురు క్షేత్రాల వేలాల గురించి రాసిన వ్యాసంలో ఈ చిక్కును వివరించారు. భూమిలో ఎంత చమురు ఉందో ఎవరికీ కచ్చితంగా తెలియనప్పుడు, అందరికంటే ఎక్కువగా ఊహించుకున్నవాడే ఎక్కువ పాడి గెలుస్తాడు, గెలిచాక నష్టపోతాడు. దాన్నే తర్వాత విజేత శాపం అన్నారు. తక్కువ రేటుకు పని దక్కే టెండరులో అదే బొమ్మ తిరగబడుతుంది. ఐదుగురు ఒకే పనికి ఖర్చు అంచనా వేస్తే, ఏదో ఒక ఖర్చు మరిచిపోయినవాడి రేటే అన్నిటికంటే తక్కువగా ఉంటుంది, పని అతనికే దక్కుతుంది. అంటే మా పద్ధతి ఎక్కువ సమర్థుణ్ణి కాకుండా ఎక్కువ పొరపాటు పడినవాణ్ణి ఎంచుకునేలా ఉంది. నలుగురు 100 నుంచి 106 మధ్య ఉండి ఒకరు 76 దగ్గర ఉన్నప్పుడు, ఆ ఒకరు నలుగురికీ తెలియని రహస్యమేదో కనిపెట్టి ఉండవచ్చు. కానీ టాయిలెట్లు లెక్కపెట్టడం మరిచిపోయి ఉండే అవకాశమే ఎక్కువ.

ఇదేమీ కొత్త బాధ కాదు. ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ కోటలను కట్టించిన సైనిక ఇంజనీరు వోబాన్ 1683లోనే యుద్ధమంత్రి లువ్వాకు ఈ విషయమై ఉత్తరం రాశాడు. మీరు రేటు తగ్గించినవాడికల్లా పని ఇస్తూ ఉండటం వల్ల కట్టడాలు ఏళ్లు గడిచినా పూర్తి కావడం లేదనీ, పని తెలిసినవాళ్లు దూరంగా పోయి, గతిలేనివాళ్లూ మోసగాళ్లూ మాత్రమే గుత్తేదారులుగా మిగులుతున్నారనీ, సరైన ధర ఇచ్చి నమ్మకస్తుడికి పని అప్పగించడమే చవక అవుతుందనీ అందులోని సారాంశం. ఆ ఉత్తరం గురించి తెలిసినప్పుడు మా ఆకుపచ్చ గుడ్డే నా కళ్ల ముందు మెదిలింది.

మా అనుభవం ఒక చిన్న భవనానికి సంబంధించినది. ఇదే ధోరణి పెద్ద స్థాయిలో ఏమవుతుందో బ్రిటన్‌లో కారిలియన్ సంస్థ విషయంలో చూశాం. ఆస్పత్రులు శుభ్రం చేయడం, బడులకు భోజనాలు అందించడం, జైళ్ల నిర్వహణ, రోడ్లు, ఆస్పత్రుల నిర్మాణం ఇలా ప్రభుత్వం నుంచి వందల కాంట్రాక్టులు దాని చేతిలో ఉండేవి. 2017 జూలైలో కొన్ని కాంట్రాక్టుల విలువను 84.5 కోట్ల పౌండ్ల మేరకు తగ్గించి చూపాల్సి వచ్చింది. 2018 జనవరి 15న దివాలా తీసి లిక్విడేషన్‌లోకి వెళ్లే నాటికి అప్పులూ ఇతర బాధ్యతలూ కలిపి దాదాపు 700 కోట్ల పౌండ్లు, చేతిలో నగదు 2.9 కోట్ల పౌండ్లు. ఒక్క తక్కువ రేట్లే దాన్ని ముంచలేదు. పెరిగిన అప్పు, రాని లాభాలను వచ్చినట్టు చూపిన లెక్కలు, అప్పుచేసి కూడా పంచిన డివిడెండ్లు అన్నీ కలిశాయి. కానీ తక్కువ మార్జినుతో పని పట్టి, ఆ పని నడపడానికి ఇంకో పని అడ్వాన్సు వాడుకుని, తన కింద పనిచేసే చిన్న సరఫరాదారులకు 120 రోజుల దాకా చెల్లింపు గడువు పెట్టిన ఆ నడక చూస్తే, మా సంస్థ జీతాలు ఆలస్యం చేసిన నెలలే నాకు గుర్తొచ్చాయి.

అలాగని అనుమానం వచ్చేంత తక్కువగా ఉన్న ప్రతి రేటునూ చెత్తబుట్టలో వేయాలని నేను అనను. యూరోపియన్ న్యాయస్థానం 1989లో ఒక కేసులో ఈ విషయాన్ని చక్కగా తేల్చింది. 1990 ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం మిలాన్‌లోని స్టేడియం పనులకు పిలిచిన టెండరులో ఫ్రాటెల్లీ కోస్టాన్జో అనే సంస్థ వేసిన తక్కువ రేటును, ఒక సూత్రం ప్రకారం గీసిన గీతకు కింద పడిందన్న కారణంతో నేరుగా తోసిపుచ్చారు. అలా లెక్కల సూత్రంతో దానంతటదే తోసిపుచ్చడం కుదరదు, ఆ రేటు ఎలా సాధ్యమో వివరించుకునే అవకాశం ఇవ్వాలి అని న్యాయస్థానం చెప్పింది. యూరోపియన్ యూనియన్ 2014లో తెచ్చిన కొనుగోళ్ల నిబంధనల్లోని 69వ అధికరణం కూడా ఇదే దారిలో నడుస్తుంది. అసాధారణంగా తక్కువగా ఉన్న రేటుకు వివరణ అడగాలి, ఆ వివరణ రేటును నిలబెట్టలేకపోతే తిరస్కరించవచ్చు, కార్మిక చట్టాలనో పర్యావరణ చట్టాలనో పాటించకపోవడం వల్లే రేటు తగ్గిందని తేలితే తిరస్కరించి తీరాలి. ఈ మూడు మాటలూ నాకు ముందే తెలిసి ఉంటే, 76 చూసిన రోజు మేము తగ్గించమని అడిగేవాళ్లం కాదు, ఎలా తగ్గిందో అడిగేవాళ్లం.

కాంట్రాక్టు ముగిసినప్పుడు అదే చేశాం. కొటేషన్‌తో పాటు ఒక పేజీ పట్టిక అడిగాం. షిఫ్టుకు ఎంతమంది, ఒక్కొక్కరికి జీతం ఎంత, చట్టప్రకారం కట్టేది ఎంత, మెటీరియల్ నెలకు ఎన్ని లీటర్లు, ఎన్ని మాపులు, యంత్రాలు ఏవి, సంస్థకు మిగిలేది ఎంత అన్నీ అందులో విడివిడిగా ఉండాలి. భవనం మొత్తం తిరిగి చూసి సంతకం పెట్టనివారి కొటేషన్ తెరవబోమని ముందే చెప్పాం. సగటుకు 15 శాతం కన్నా కిందికి వచ్చినవారిని పిలిచి వివరణ అడుగుతామనీ రాశాం. మా వైపు కూడా ఒకటి సరిదిద్దుకున్నాం. ఒప్పందంలో 30 రోజులని రాసి 60 రోజులకు చెల్లించే అలవాటు మాకు ఉండేది. ఆ రెండో నెల వడ్డీని కూడా ప్రతి సంస్థా తన రేటులో కలుపుకుంటుందనో, కలుపుకోలేక మునుగుతుందనో అంతకుముందు మేము ఆలోచించలేదు.

ఈసారి కూడా ఒక సంస్థ మిగతావారి కంటే బాగా కిందకు వచ్చింది, సగటుకు 17 శాతం తక్కువ. పిలిచి అడిగాం. ఆ సంస్థ ప్రతినిధి, ముప్పై దాటని ఒక మహిళ, మా భవనం నక్షా తన సొంతంగా గీసుకుని తెచ్చారు. లాబీ, పార్కింగ్, పొడవాటి వరండాలు మనిషి నడిపే స్క్రబ్బర్ యంత్రంతో చేస్తే నాలుగు గంటల పని గంటంబావులో అయిపోతుందని లెక్క చూపారు. రాత్రి షిఫ్టు ఎత్తేసి పగలే శుభ్రం చేసే పద్ధతికి మారితే రాత్రి భత్యం, కరెంటు రెండూ మిగులుతాయన్నారు. దగ్గర్లోనే ఇంకో భవనం తమ చేతిలో ఉండటం వల్ల సూపర్‌వైజరు, యంత్రం రెండు చోట్లకూ పనికొస్తాయని వివరించారు. మనుషులు 14కు బదులు 11 మందే, కానీ ఒక్కొక్కరి జీతం ఇతరుల కొటేషన్ల కంటే కొంచెం ఎక్కువే. పాత సంస్థ కూడా 11 మందితోనే నడిపింది. తేడా ఏమిటంటే అక్కడ ముగ్గురు చేయాల్సిన పని మిగిలినవాళ్ల నడుముల మీద పడింది, ఇక్కడ దాన్ని యంత్రం తీసుకుంది. పని ఆ సంస్థకే ఇచ్చాం. తగ్గించమని అడగలేదు.

పాత సంస్థ యజమాని కూడా ఈ టెండరులో పాల్గొన్నారు. పట్టికలోని ప్రతి గడీ నిజాయితీగా నింపి, పాత రెండో తక్కువ రేటుతో పోలిస్తే 98 దగ్గర నిలిచారు. పోటీలో గెలవలేకపోయినా, ఆ కాగితం చూసి నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. మొదటిసారే ఆయన ఈ 98 వేసి ఉంటే మేము ఆయనకే పని ఇచ్చేవాళ్లం, ఎందుకంటే అప్పటి పట్టికలో అదే అన్నిటికంటే తక్కువ.

ఇక సేవపై నా తీర్పు. పని నైపుణ్యానికి, అత్యవసరంలో ఆదుకోవడానికి ఐదుకు నాలుగు. మెటీరియల్‌కు, శిక్షణకు ఒకటి. పనివాళ్లకు అందాల్సింది అందించడంలో ఒకటి కూడా ఇవ్వలేను. మీ దగ్గరకు ఈ సంస్థో, ఇలాంటి మరో చిన్న సంస్థో వచ్చి అందరికంటే తక్కువ రేటు వేస్తే, పంపించేయకండి, వెంటనే సంతకమూ పెట్టకండి. మనుషుల జీతాలను వాళ్ల రేటు పక్కన రాసి చూడండి, వాళ్ల చేత భవనం మొత్తం తిప్పించండి, నెలకు వచ్చే గ్లౌజుల లెక్క కూడా అడగండి. గిట్టుబాటు ధర ఇస్తే ఈ సంస్థ బాగా పనిచేస్తుందని మొదటి మూడు నెలలూ, పైపు పగిలిన రాత్రీ చూసిన నేను నమ్మకంగా చెప్పగలను. ఒకటి రెండు అంతస్తుల చిన్న కార్యాలయాలకు ఇప్పటికీ వాళ్ల పేరు చెబుతున్నాను, రేటు విషయంలో బేరమాడవద్దని కూడా చెబుతున్నాను.

కొత్త సంస్థ వచ్చి నాలుగు నెలలైంది. పాతవాళ్లలో ఏడుగురు ఇక్కడే పనిచేస్తామని అడిగితే ఐదుగురిని తీసుకున్నారు. వాళ్లలో నాకు ఆ రోజు చేతులు చూపించినామె కూడా ఉంది. ఇప్పుడు ఆమె నాలుగో అంతస్తు ప్యాంట్రీ చూస్తుంది, నడుముకు కట్టుకున్న సంచిలో ఆకుపచ్చ గుడ్డలు మడతపెట్టి ఉంటాయి, ఎర్ర గుడ్డలు టాయిలెట్ గదిలోని కొక్కేనికే వేలాడుతూ ఉంటాయి.